డబ్బాకు చట్టం ఉంది, గోడకు లేదు

గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టడం తెలుగిళ్ళలో తరాలుగా వస్తున్న అలవాటు. వారం వారం రాసే తీరిక తగ్గాక చాలా ఇళ్ళలో ఆ పసుపు జాగాలోకి పసుపు ఎనామిల్ పెయింటు, కుంకుమ జాగాలోకి ఎర్ర పెయింటు చుక్కలు వచ్చేశాయి. సంక్రాంతికో, ఇంట్లో శుభకార్యానికో పాత పూత మీదే మరో పూత పడుతుంది. ఇంటిల్లిపాదీ తొక్కేది, తలుపు రాపిడికి అరిగేది, ఎండకూ వానజల్లుకూ పెచ్చులు లేచేది ఆ గడపే. పాకే బిడ్డ రెండు అరచేతులూ ఆనించి, ఒక్కోసారి నోరు కూడా ఆనించి దాటేదీ దాన్నే. ఇళ్ళకు వాడే పెయింట్లను పరీక్షించిన దేశాల్లో సీసం తరచుగా మోతాదు మించి బయటపడేది పసుపు, నారింజ, ఎరుపు ఎనామిల్ రంగుల్లో. అలాగని పసుపు పెయింటు వేసిన ప్రతి గడపా విషమని కాదు. ఎందులో ఉందో ఎందులో లేదో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు, పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఆ పరీక్ష చేయించమని ఇల్లు అమ్మేవాళ్ళనుగానీ, అద్దెకిచ్చేవాళ్ళనుగానీ, బడి నడిపేవాళ్ళనుగానీ మన చట్టం ఎక్కడా అడగదు. సీసపు రంగుల విషయంలో అసలు లోపం అక్కడే ఉందని నా వాదన. బిడ్డ జబ్బుపడ్డాక పరిహారం ఇప్పించే చట్టమూ, లోపం తెలిసి ఉంటే చెప్పమనే చట్టమూ ఈ విషానికి చాలవు. ముందుగా పరీక్షించి తీరాలనే చట్టం కావాలి.

పెయింటులో సీసం పొరపాటున పడే వస్తువు కాదు, కావాలనే కలుపుతారు. ఒకప్పుడు తెల్లరంగుకు మూలపదార్థమే సీసపు కార్బొనేటు. లెడ్ క్రోమేట్ నిండైన పసుపునిస్తుంది. దానికే కొంత మార్పు చేస్తే నారింజ, ఎరుపు వస్తాయి. ఎండకు త్వరగా వెలిసిపోదు, పల్చటి పూతతోనే కింది రంగును కప్పేస్తుంది, ధర కూడా తక్కువ. మరికొన్ని సీసపు లవణాలు పెయింటు త్వరగా ఆరడానికి పనికొస్తాయి. అందుకే నూనె ఆధారంగా తయారయ్యే ఎనామిల్ ఎక్కడ కనిపిస్తే అక్కడ అనుమానించాలి: తలుపులు, కిటికీ రెక్కలు, ఇనుప గ్రిల్లులు, గేట్లు, పాత మంచాలు, బడి ఆవరణలోని జారుడుబల్లలు, ఊయల గొట్టాలు. గోడలకు కొట్టే సున్నంలోనూ, నీళ్ళలో కలిపే ఎమల్షన్లలోనూ ఈ బెడద సాధారణంగా తక్కువ. సీసం లేకుండా ఈ పనులన్నీ చేసే పదార్థాలు దశాబ్దాలుగా మార్కెట్లో ఉన్నాయి. రంగుకు కర్బన వర్ణకాలు, ఆరడానికి జిర్కోనియం, కాల్షియం లవణాలు వాడి పెద్ద కంపెనీలు ఎప్పుడో మారిపోయాయి. సాంకేతికంగా తెగని చిక్కేదీ ఇందులో మిగల్లేదు.

సీసం బిడ్డ ఒంట్లోకి చేరేది చాలామంది అనుకున్నట్టు కొత్త పెయింటు వాసనతో కాదు. ఆరి, పాతబడ్డ పూతే ప్రమాదం. కిటికీ రెక్క మూసి తీసినప్పుడల్లా చెక్కకు చెక్క రాసుకుని సన్నటి పొడి రాలుతుంది. మళ్ళీ రంగు వేయించేటప్పుడు ఉప్పుకాగితంతో రుద్దితే ఆ పొడి ఇల్లంతా పరుచుకుంటుంది. నేలమీద ఆడే బిడ్డ చేతికి అది అంటుతుంది, ఆ చెయ్యి నోట్లోకి వెళ్తుంది. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. పూతలో నూటికి ఒక వంతు సీసం ఉందనుకుందాం. గోరంత పెచ్చు, అంటే 100 మిల్లీగ్రాములు, బిడ్డ నోట్లోకి వెళ్తే అందులో 1,000 మైక్రోగ్రాముల సీసం ఉంటుంది. ఆహారం ద్వారా బిడ్డ ఒంట్లోకి రోజుకు 2.2 మైక్రోగ్రాములకు మించి సీసం వెళ్తుంటే పట్టించుకోవాల్సిందేనని అమెరికా ఆహార, ఔషధ సంస్థ గీత గీసింది. ఆ ఒక్క పెచ్చు ఆ గీతకు 400 రెట్ల పైన ఉంది. పైగా మింగిన సీసాన్ని పెద్దల ఒళ్ళు కొద్దిగానే పీల్చుకుంటే, పసిపిల్లల ఒళ్ళు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఇనుము తక్కువైన బిడ్డ ఒళ్ళు ఇంకా ఎక్కువ పీలుస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం అయిదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్ళు తెలంగాణలో నూటికి 70 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 63 మంది. ఇతర దేశాల పిల్లలకు గీసిన గీతలు మన పిల్లలకు మరింత కిందికి జరగాలని ఈ అంకెలు చెబుతున్నాయి.

మోతాదు బాగా ఎక్కువైతే కడుపునొప్పి, వాంతులు, మూర్ఛ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. అలాంటి బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్తారు. తక్కువ మోతాదులో అలాంటిదేమీ కనిపించదు. బిడ్డ తింటాడు, ఆడతాడు, నవ్వుతాడు. నష్టం మెదడులో జరుగుతుంటుంది. అమెరికా వైద్యుడు హెర్బర్ట్ నీడిల్‌మన్ బడిపిల్లల ఊడిన పాలపళ్ళు సేకరించి, వాటిలో సీసం ఎంత పేరుకుందో కొలిచి, 1979లో ఒక పరిశోధన ప్రచురించాడు. జబ్బు లక్షణం ఒక్కటీ లేని ఆ పిల్లల్లోనే, పంటిలో సీసం ఎక్కువున్నవాళ్ళకు తెలివి పరీక్షల్లో మార్కులు, తరగతిలో ఏకాగ్రత తక్కువగా ఉన్నాయి. 2005లో బ్రూస్ లాన్‌ఫియర్ బృందం వేర్వేరు దేశాల్లో జరిగిన పరిశోధనలను కలిపి, 1,333 మంది పిల్లల వివరాలను విశ్లేషించింది. డెసిలీటరు రక్తంలో సీసం 2.4 నుంచి 10 మైక్రోగ్రాములకు పెరిగితే దాదాపు 4 ఐక్యూ పాయింట్లు పోతున్నాయి. 10 నుంచి 20కి పెరిగితే పోయేది 2 లోపే. అంటే మొదట చేరే కొద్దిపాటి సీసమే ఎక్కువ చేటు చేస్తోంది. ఇంతవరకు ఫరవాలేదు అనదగ్గ మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి ఆధారం ఇలాంటి పరిశోధనలే. పోనీ వైద్యంతో వెనక్కి తెచ్చుకోవచ్చా? రక్తంలో సీసం 20 నుంచి 44 మధ్య ఉన్న 780 మంది అమెరికా పిల్లల మీద దీనికోసమే ఒక పెద్ద పరీక్ష జరిపారు. సీసాన్ని బయటికి లాగే మందు ఇస్తే రక్తంలో సీసం తగ్గింది. తెలివితేటలు మాత్రం మెరుగుపడలేదు. 2001లో వెలువడిన ఆ ఫలితం చదివాక, జబ్బుపడ్డాక చూసుకోవచ్చనే ఆలోచనకు చోటు లేదు. రక్తం నుంచి సీసం కొంత ఎముకల్లోకి చేరి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఆడపిల్ల పెరిగి గర్భవతి అయినప్పుడు ఆ ఎముకల్లోంచి మళ్ళీ రక్తంలోకి వచ్చి, కడుపులోని బిడ్డకు అందుతుంది.

'మేమంతా ఆ రంగుల మధ్యే పెరిగాం, మాకేమైంది' అనే మాట తప్పక వస్తుంది. ఆ మాట అనేవాళ్ళను తప్పుపట్టను, కళ్ళకు కనపడని నష్టాన్ని నమ్మడం కష్టం. కానీ ఒక మనిషి తనకు ఏమీ కాలేదని నిర్ధారించుకునే మార్గమే ఇక్కడ లేదు. సీసం తగలకుండా పెరిగి ఉంటే తాను ఎలా ఉండేవాడో ఎవరికీ తెలియదు కదా. నష్టం కనిపించేది జనాభా లెక్కలో. ఐక్యూ సగటు 100 ఉన్న పిల్లల్లో 70 కంటే తక్కువ వచ్చేవాళ్ళు వెయ్యికి 23 మంది ఉంటారు. ఆ సగటు కేవలం 5 పాయింట్లు కిందికి జారితే ఆ 23 కాస్తా 48 అవుతుంది. పాఠం పట్టుబడని పిల్లల సంఖ్య రెట్టింపైందన్నమాట. బడిలో అలాంటి పిల్లవాడికి మనం ఇచ్చే పేర్లు మొద్దు, సోమరి, అల్లరివాడు. వాడి ఇంటి కిటికీ రంగును ఎవరూ అనుమానించరు.

ఈ సంగతి కొత్తగా బయటపడిందీ కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పిల్లలకు సీసపు విషం సోకడం చూసిన వైద్యుడు లాక్‌హార్ట్ గిబ్సన్, వరండా కమ్మీలకు వేసిన రంగు ఎండకు పొడిగా మారి పిల్లల చేతులకు అంటుకుంటోందని 1904లోనే రాశాడు. పిల్లలకు అందే చోట్ల సీసపు రంగును ఆ రాష్ట్రం 1922లో నిషేధించింది. ఇళ్ళ లోపలి పనికి తెల్లసీసం వాడకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే ఒడంబడిక చేసింది. అమెరికా ఇళ్ళలో వాడకాన్ని నిషేధించింది 1978లో. మన దేశంలో కట్టుబడి తీరాల్సిన పరిమితి రావడానికి 2016 దాకా పట్టింది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఆ ఏడాది నవంబరు 1న కేంద్రం ఇచ్చిన నియమాల ప్రకారం ఇళ్ళకు, అలంకరణకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే కిలోకు 90 మిల్లీగ్రాములు మించకూడదు. 2017 నవంబరు 1 నుంచి అంతకు మించిన పెయింటు తయారీ, దిగుమతి నిషిద్ధం. సీసం ఆ పరిమితికి లోబడి ఉందని డబ్బా మీద రాయాలి. ప్రపంచంలో అత్యంత కఠినమైన పరిమితుల్లో ఇదొకటి, అందుకు సంతోషించాలి. ఆ తర్వాత కూడా చిన్న, మధ్యతరహా తయారీదార్ల డబ్బాలను కొని ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ సంస్థ పరీక్షిస్తే, చాలావాటిలో పరిమితికి ఎన్నో రెట్ల సీసం బయటపడింది. అమలు లోపం ఒక ఎత్తు. అంతకంటే పెద్ద ఖాళీ ఇంకొకటుంది. ఆ నియమాలు కొత్త డబ్బా గురించే మాట్లాడతాయి. 2017కు ముందు వేసిన పూతలన్నీ, ఇళ్ళవైతేనేం, బళ్ళవైతేనేం, అంగన్‌వాడీలవైతేనేం, ఇంకా అక్కడే ఉన్నాయి. వాటి గురించి ఆ నియమాల్లో ఒక్క ముక్క లేదు.

పాత గోడలను ఏం చేయాలన్న ప్రశ్నతో అమెరికా మనకంటే ముందు తలపడింది. మనవాళ్ళు లక్షల్లో అక్కడే ఉంటున్నారు కాబట్టి ఆ అనుభవం వాళ్ళకు నేరుగా అవసరం, మనకు పాఠం. అక్కడ 1940కి ముందు కట్టిన ఇళ్ళలో నూటికి 87 ఇళ్ళలో, 1940-59 మధ్య కట్టినవాటిలో 69 ఇళ్ళలో సీసపు రంగు ఉందని ఆ దేశ పర్యావరణ సంస్థ చెబుతుంది. 1992లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం, 1978కి ముందు కట్టిన ఇల్లు అమ్మేటప్పుడైనా అద్దెకిచ్చేటప్పుడైనా యజమాని తనకు తెలిసిన సీసపు రంగు సంగతి చెప్పాలి, తన దగ్గరున్న నివేదికలు చూపాలి, ముద్రించిన కరపత్రం చేతికివ్వాలి. కొనేవాళ్ళకు పరీక్ష చేయించుకోవడానికి పది రోజుల గడువుంటుంది. తెలిసీ దాచిన యజమాని నష్టానికి మూడింతలు కట్టాల్సి రావచ్చు. చదవడానికి గట్టిగా ఉన్న ఈ చట్టంలో ఒక కంత ఉంది. తెలిస్తేనే చెప్పాలి, తెలుసుకోవాలనే నియమం లేదు. దాంతో పరీక్ష చేయించకుండా ఉండటమే యజమానికి క్షేమమైంది. 'నాకు తెలియదు' అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేస్తే చాలు. న్యూజెర్సీ రాష్ట్రం 2021లో ఈ కంతను పూడ్చింది. 1978కి ముందు కట్టిన అద్దె ఇళ్ళలో చాలావాటిని అద్దెకున్నవాళ్ళు మారినప్పుడో, గడువు ప్రకారమో తనిఖీ చేసి తీరాలని చట్టం చేస్తే, 2022 జులై నుంచి అమల్లోకి వచ్చింది. జెర్సీ సిటీలోనో ఎడిసన్‌లోనో పాత ఇంట్లో పసిబిడ్డతో అద్దెకు దిగే తెలుగు కుటుంబం, ఇంటివాళ్ళు ఏమనుకుంటారోనని మొహమాటపడకుండా ఆ తనిఖీ పత్రం చూపమని అడగాలి. అది వాళ్ళ హక్కు.

కంపెనీల మీద దావాలు వేస్తే సరిపోదా? ఆ దారి ఎంత పొడుగో కూడా అమెరికాయే చూపించింది. రోడ్ ఐలండ్ రాష్ట్రం రంగుల కంపెనీల మీద వేసిన దావాలో 2006లో జ్యూరీ రాష్ట్రం వైపు తీర్పిచ్చింది. రెండేళ్ళకు ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పిల్లలకు హాని జరిగిన సమయానికి ఆ సీసం కంపెనీల అదుపులో లేదన్నది కోర్టు చెప్పిన కారణం. కాలిఫోర్నియాలో మనవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉండే శాంటా క్లారా కౌంటీ 2000లో వేసిన దావా నెగ్గింది. హాని తెలిసి కూడా ఇళ్ళ లోపల వాడమని కంపెనీలు ప్రచారం చేశాయని కోర్టు నమ్మింది. మొదట 115 కోట్ల డాలర్లు కట్టమని తీర్పు వచ్చింది. అప్పీలులో అది 1951కి ముందు కట్టిన ఇళ్ళకే పరిమితమైంది. చివరికి 2019లో మూడు కంపెనీలు కలిసి 30.5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకున్నాయి. దావా వేసిన ఏడాది పుట్టిన బిడ్డకు అప్పటికి 19 ఏళ్ళు. ఆ డబ్బుతో కొన్ని పాత ఇళ్ళు బాగుపడతాయి, అది చిన్న విషయం కాదు. ఆ 19 ఏళ్ళలో ఆ ఇళ్ళలో పెరిగినవాళ్ళకు మాత్రం అందులో దక్కేదేమీ లేదు.

మన దగ్గర ఉన్న న్యాయ సహాయాన్ని కూడా ఇదే కొలబద్దతో చూడాలి. అసలేమీ లేదనుకోవడం పొరపాటు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు వల్ల కలిగిన హానికి తయారీదారును బాధ్యుణ్ణి చేసింది. వస్తువు గురించి స్పష్టంగా ఇచ్చిన హామీకి ఆ వస్తువు తగినట్టు లేకపోతే, అజాగ్రత్త లేదని నిరూపించుకున్నా తయారీదారు తప్పించుకోలేడు. డబ్బా మీద 'సీసం 90 పీపీఎం మించదు' అని ముద్రించాడంటే అది హామీయేనని వాదించవచ్చు. అందుకే రంగు వేయించాక బిల్లు పారేయకూడదు. డబ్బా మీది బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవాలి, వీలైతే అడుగున మిగిలిన పెయింటును కూడా మూతపెట్టి దాచాలి. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు సంబంధించిన కేసుకు రుసుము లేదు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. పర్యావరణ నియమాల ఉల్లంఘన వల్ల హాని జరిగితే, అయిదేళ్ళలోపు జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను పరిహారం కోరవచ్చు. మన రెండు రాష్ట్రాలకూ అది చెన్నైలోని దక్షిణ మండల బెంచి. వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్ళు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది, ఎస్సీ, ఎస్టీలకూ అంతే. ఫోను నంబరు 15100. బిడ్డ పేరున కేసు వేసే తల్లికి ఇది పెద్ద అండ.

చిక్కంతా రుజువు దగ్గరుంది. రెండేళ్ళప్పుడు రంగు పొడి మింగిన పిల్లవాడు ఎనిమిదేళ్ళకు చదువులో వెనకబడతాడు. అప్పటికి రక్తపరీక్షలో పాత సీసం కనిపించకపోవచ్చు, ఎందుకంటే రక్తంలో అది నెలల్లోనే తగ్గిపోతుంది. ఏ డబ్బా, ఏ దుకాణం, ఏ పెయింటరు అన్నది ఎవరికీ గుర్తుండదు. వినియోగదారుల కేసుకు గడువు రెండేళ్ళే. ఇంటివాళ్ళ మీద వేద్దామంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అమ్మేవారికి, 108వ సెక్షన్ అద్దెకిచ్చేవారికి ఒక బాధ్యత పెట్టింది. ఎదుటివారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఇంట్లో ఉంటే చెప్పాలి. సీసపు పూత సరిగ్గా అలాంటి లోపమే. అయితే ఇక్కడా అదే షరతు: యజమానికి తెలిసి ఉండాలి. పరీక్షే చేయించని యజమానికి ఏం తెలుస్తుంది? న్యూజెర్సీ పూడ్చుకున్న కంతే మన పాత చట్టంలోనూ ఉంది. పెయింటర్ల పరిస్థితి మరీ అన్యాయం. ఉప్పుకాగితం పొడినీ, బ్లో ల్యాంపుతో పాత రంగు కాల్చినప్పుడు వచ్చే పొగనూ రోజూ పీల్చేది వాళ్ళే. ఆ పొడిని బట్టలతో ఇంటికి మోసుకెళ్ళి తెలియకుండానే తమ పిల్లలకు పంచేదీ వాళ్ళే. కార్మికుల పరిహార చట్టంలోని వృత్తివ్యాధుల జాబితాలో సీసపు విషం ఉంది. కానీ ఆ పరిహారానికి ఒకే యజమాని దగ్గర కనీసం ఆరు నెలలు వరసగా పనిచేసినట్టు తేలాలి. ఇవాళ ఒక మేస్త్రీ దగ్గర, రేపు మరొకరి దగ్గర రోజుకూలికి వెళ్ళే మనిషి ఆ ఆరు నెలలు ఎలా చూపిస్తాడు?

సీసానికి పెయింటు ఒక్కటే మూలమా అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్న. కాదు. మన దేశంలో 27 కోట్ల మందికి పైగా పిల్లల రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు దాటి ఉండవచ్చని యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో అంచనా వేశాయి. పాత బ్యాటరీలు కరిగించే చోట్లు, నాసిరకం అల్యూమినియం గిన్నెలు, కల్తీ మసాలాలు అన్నీ ఇందులో భాగస్వాములే. కానీ కల్తీ మసాలా పొట్లం మార్చేస్తే ఆ దారి మూసుకుంటుంది. కిటికీ మీది పూత ముప్పై నలభై ఏళ్ళు అక్కడే ఉండి, ఆ ఇంట పుట్టే ప్రతి బిడ్డకూ అందుతుంది. చిన్న తయారీదార్లు చితికిపోతారనే అభ్యంతరానికీ జవాబుంది. నిక్కచ్చిగా నియమం పాటిస్తూ ఖరీదైన వర్ణకం కొనే చిన్న తయారీదారును, పాటించనివాడు పక్క దుకాణంలో చౌకగా అమ్మి దెబ్బతీస్తున్నాడు. అందరినీ ఒకేలా పరీక్షిస్తే మేలు పొందేవాళ్ళలో నిజాయితీగల చిన్న వ్యాపారే ముందుంటాడు.

ఇక అందరూ అనే మాట, మన దగ్గర తనిఖీ అంటే మామూళ్ళేనని. ఆ నిరాశ ఎక్కడినుంచి వస్తుందో తెలుసు. దానికి జవాబు మన పొరుగునే ఉంది. పసుపు కొమ్ములకు మెరుగు కోసం బంగ్లాదేశ్‌లో పూస్తూ వచ్చింది కూడా ఇదే లెడ్ క్రోమేట్. 2019లో అక్కడి మార్కెట్లో తీసిన పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం బయటపడింది. ప్రభుత్వం, పరిశోధకులు కలిసి ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే చేతి యంత్రాన్ని టోకు మార్కెట్‌కు తీసుకెళ్ళి, అందరి ఎదుటా పరీక్షించి, దొరికినవారికి జరిమానా వేసి, ఆ వార్త ఊరూరా చాటారు. 2021కల్లా ఆ 47 శాతం సున్నాకు వచ్చింది. తుపాకీ ఆకారంలో ఉండే ఆ యంత్రాన్ని ఉపరితలానికి ఆనిస్తే క్షణాల్లో సీసం లెక్క తెర మీద కనిపిస్తుంది. కొమ్ముల్లో కనిపెట్టిన ఆ యంత్రమే తలుపు పూతలోనూ కనిపెడుతుంది. గీకాల్సిన పని లేదు, అంకె ఇంటివాళ్ళ కళ్ళముందే పడుతుంది కాబట్టి దాచడం కూడా అంత తేలిక కాదు.

చట్టం వచ్చేదాకా ఇంట్లో చేయగలిగింది ఉంది. పాత ఎనామిల్ పూత గట్టిగా, పెచ్చులు లేవకుండా ఉంటే దాన్ని కదపకపోవడమే మంచిది. పైన మంచి పెయింటు వేసి కప్పేయవచ్చు. గీకక తప్పకపోతే పొడిగా రుద్దనివ్వకూడదు, నీళ్ళు చల్లి తడిమీద రుద్దించాలి, కాల్చనివ్వకూడదు. లప్పం పెట్టి నునుపు చేసే పనంతా ముగిసి, తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిచేదాకా గర్భిణులనూ పిల్లలనూ ఆ ఇంట ఉంచకూడదు. పెళ్ళి ఇంటికి హడావిడిగా రంగులు వేయించేటప్పుడు సరిగ్గా ఈ జాగ్రత్తే తప్పిపోతుంది. చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, తడిబట్టే మేలు. తినేముందు పిల్లల చేతులు కడగాలి. ఇనుము, కాల్షియం ఉన్న తిండి, మనకు దొరికే ఆకుకూరలు, రాగులు, పాలు, సీసం ఒంటబట్టడాన్ని కొంత తగ్గిస్తాయి. గడపకు మళ్ళీ పసుపే రాసుకోగలిగితే మంచిదే, కల్తీ లేని పసుపు అయితే. పాత ఇంట్లో పెచ్చులు తింటున్న బిడ్డకు రక్తంలో సీసం పరీక్ష చేయించమని వైద్యుణ్ణి అడగడానికి సంకోచం అక్కర్లేదు.

ఇవన్నీ తల్లిదండ్రుల భుజాన వేసి ప్రభుత్వం తప్పుకోవడం కుదరదు. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు రంగులు కొనే రాష్ట్ర ప్రభుత్వమే పెద్ద కొనుగోలుదారుల్లో ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో 'మన బడి నాడు-నేడు', తెలంగాణలో 'మన ఊరు-మన బడి' కింద వేల బడులకు మరమ్మతులు తలపెట్టారు. అలాంటి ప్రతి టెండరులోనూ రెండు షరతులు ఉండాలి. కొనే పెయింటుకు బ్యాచ్ వారీగా ప్రయోగశాల నివేదిక ఇవ్వాలి. పాత పూతను గీకేముందు యంత్రంతో పరీక్షించి, సీసం తేలితే తడిపద్ధతిలోనే తీయాలి. వీటికి శాసనసభ అక్కర్లేదు, శాఖ ఉత్తర్వు చాలు. అద్దె ఇళ్ళకూ అమ్మే ఇళ్ళకూ పరీక్ష తప్పనిసరి చేసే చట్టం తర్వాతి మెట్టు. ఈలోగా మన జిల్లాలో గత మూడేళ్ళలో ఎన్ని పెయింటు డబ్బాల నమూనాలు తీశారు, ఎన్నింటిలో సీసం పరిమితి దాటింది, ఎవరి మీద చర్య తీసుకున్నారు అని సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలిని ఎవరైనా అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వడం వాళ్ళ విధి. నమూనాలే తీయలేదని జవాబొస్తే, ఆ కాగితాన్ని జతపరిచి హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు.